చదవని పుస్తకానికి ముందుమాట

నేను ముందుమాటలు రాస్తాను. మా భీమవరంలో రిటైరైన లెక్కల ప్రొఫెసరుకు ఇంతకు మించిన ఉద్యోగం దొరకదు. పద్యాల పుస్తకమా, వాస్తు పుస్తకమా, మధుమేహానికి మెంతులు వాడే విధానమా అని చూడను, ఎవరు తెచ్చినా రాసిస్తాను. "లోతైన పరిశీలన", "నిరాడంబరమైన శైలి", "ప్రతి ఇంటా ఉండదగిన గ్రంథం" అనే మూడు మాటలు నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. పుస్తకం చదివి రాయాలన్న నియమం ఎక్కడా లేదు. రాసేవాడు చదవడు, రాయించుకున్నవాడు అడగడు, కొన్నవాడు ఆ పేజీలు తిప్పేస్తాడు. ముగ్గురికీ హాయి.

ఈ హాయి వరంగల్ జిల్లాలో చెల్లలేదు. ఎందుకు చెల్లలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. అటువైపు వెళ్లనివాళ్లకు తిండీ తిప్పలూ ఎలా ఉంటాయో కూడా మధ్యమధ్యలో చెబుతాను.

మూడు నెలల కిందట హనుమకొండ నుంచి రజియా అనే అమ్మాయి ఫోన్ చేసింది. డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతుందట. వాళ్ల నాన్న యాకూబ్ సార్, వర్ధన్నపేట హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, చిన్న పుస్తకం రాశారట. "మొత్తం సదివి మీ అభిప్రాయం రాయాలె సార్" అంది. వాట్సాప్‌లో నలభై పేజీల చేతిరాత ఫోటోలు దిగాయి. మొదటిది తెరిచాను. కోణాల గురించి ఏదో ఉంది, దస్తూరి ముచ్చటగా ఉంది. మిగతా ముప్పై తొమ్మిదీ తెరవకుండా ఆ సాయంత్రమే ఒక పేజీ ముందుమాట పంపేశాను. "గణిత లోకం ఈ కృషిని గుర్తించక తప్పదు" అని ముగించాను. ఆ వాక్యం నాకే బాగా నచ్చి మా ఆవిడకు చదివి వినిపించాను.

"ఇంతకీ అందులో ఏముందండీ?" అంది ఆవిడ.

"నీకు అర్థం కాదులే" అన్నాను. నాకూ తెలియదని ఆవిడకు అర్థమైంది.

తర్వాత రజియా మళ్లీ ఫోన్ చేసి, గణితం మీదా, దాని చరిత్ర మీదా మూడు రోజులు మూడు చోట్ల మాట్లాడాలని పిలిచింది. మొదట హనుమకొండ, తర్వాత ములుగు, చివర వర్ధన్నపేట. వర్ధన్నపేటలో వాళ్ల నాన్న పుస్తకం నా చేతుల మీదుగా విడుదల. సరేనన్నాను. ప్రసంగం అంటే కాదనే ప్రొఫెసరు ఇంకా పుట్టలేదు.

కాజీపేటలో దిగాను

రైలు దిగి బయటికి రాగానే ఆటో అతను "ఏడికి పోవాలె పెద్దాయనా?" అన్నాడు. హనుమకొండ కాలేజీ అన్నాను. "కూసో. రెండు వందలియ్యి" అన్నాడు. మా వైపు ఆటో అతను కూడా మోసం చేస్తాడు కానీ "రండి, కూర్చోండి" అంటూ చేస్తాడు. నలభై ఏళ్లు "గారు" తగిలించుకుని బతికిన ప్రాణం ఒక్కసారి గిలగిల్లాడింది. తర్వాత మూడు రోజుల్లో తెలిసింది ఏమిటంటే, ఆ "కూసో"లో మా "కూర్చోండి"లో కంటే ఎక్కువ చోటు ఉంది. అప్పటికి తెలియదు కాబట్టి మొహం ముడుచుకుని నూట యాభైకి బేరమాడాను.

"ఏం పని మీద వచ్చినవ్?" అన్నాడు దారిలో.

"గణిత శాస్త్ర చరిత్ర మీద ప్రసంగించడానికి."

"లెక్కలకు చరిత్రేంది సార్? రెండు రెండ్లు నాలుగు. గప్పుడైనా గంతే, ఇప్పుడైనా గంతే గద?"

దీనికి జవాబుగా నా దగ్గర నలభై స్లయిడ్లున్నాయి. చెప్పడం మొదలుపెట్టాను. అతను చౌరస్తాలో ఆటో ఆపి "జర ఆగు, చాయ్ తాగుదాం" అన్నాడు. నా ప్రసంగానికి విరామం కోరిన మొదటి శ్రోత అతనే. చాయ్ పదిహేను రూపాయలు, చిక్కగా, చెంచా నిలబడేలా ఉంది. డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. బేరమాడి మిగుల్చుకున్న యాభైకి తోడు ఆ పదిహేనూ నాకే మిగిలాయి, ఇంకా సిగ్గేసింది.

హనుమకొండలో మొదటి ప్రసంగం

కాలేజీ గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. అందులో నాయకులు నలుగురు నమస్కారం పెడుతున్నారు. నా ఫోటో కింద మూల, పోస్టల్ స్టాంపు సైజులో ఉంది. రజియా ఎదురొచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి, చురుకైన మనిషి, ఫోన్ చెవికి పెట్టుకునే మాట్లాడుతుంది. "ముఖ్య అతిథి బయల్దేరిండట సార్, పది నిమిషాలు" అంది. పదిన్నర సభకు ముఖ్య అతిథి పన్నెండు దాటాక వచ్చాడు. అంతవరకు పిల్లలు కూర్చున్నారు, నేనూ కూర్చున్నాను. దీపం కూడా వెలగకుండా కూర్చుంది.

ముఖ్య అతిథి ముప్పావుగంట మాట్లాడాడు. గణితం లేకపోతే ఓట్లు లెక్కపెట్టడం కష్టమని, ప్రపంచంలోని లెక్కలన్నీ ఇక్కడే పుట్టాయని, తెల్లవాళ్లు ఎత్తుకుపోయారని చెప్పాడు. ఎత్తుకుపోతే మన దగ్గర మిగలకూడదు కదా, మరి సప్లిమెంటరీ పరీక్షలు ఎందుకున్నాయో చెప్పలేదు. చప్పట్లు మోగాయి. నాకు శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు, అంటే నా పని అయిపోయినట్టే లెక్క. మైకు ఇచ్చేసరికి వెనక నుంచి బిర్యానీ వాసన మొదలైంది.

పెన్‌డ్రైవ్ పెట్టారు. తెర మీద మా బావమరిది పాలు పొంగిస్తున్నాడు. గృహప్రవేశం ఫోటోలున్న పెన్‌డ్రైవ్ తెచ్చాను, నాది భీమవరంలోనే ఉండిపోయింది. హాలు గొల్లుమంది. ఇక చేసేదేం లేక సుద్దముక్క పట్టుకున్నాను. రెండు వేల ఏళ్ల చరిత్రకు పాతిక నిమిషాలున్నాయి. నిమిషానికి ఎనభై ఏళ్ల చొప్పున లాక్కొచ్చాను.

నా ప్రసంగంలో ఒక ముక్క ఉంది. ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను, ఎక్కడ చెప్పినా పేలుతుంది. పాతకాలపు గ్రీకులు ఒక చిక్కుముడి వదిలి వెళ్లారు. గుర్తుల్లేని స్కేలు, వృత్తలేఖిని, ఈ రెండింటితోనే ఏ కోణాన్నయినా మూడు సమాన భాగాలు చేయాలి. రెండు చేయడం ఆరో తరగతి పిల్లలు చేస్తారు. మూడు దగ్గరే తంటా. రెండు వేల ఏళ్లు అందరూ తంటాలు పడ్డారు. చివరికి దాదాపు రెండు వందల ఏళ్ల కిందట ఒక ఫ్రెంచి యువకుడు ఇది ఎప్పటికీ కుదరదని నిరూపించి పెట్టాడు. ఇంకా దొరకలేదని కాదు, దొరకదని. "అయినా సరే," అంటాను నేను ఇక్కడ గొంతు తగ్గించి, "ప్రతి ఊళ్లోనూ ఒక పెద్దమనిషి ఉంటాడు. ప్లాస్టిక్ కవర్లో ఫైలు పట్టుకుని యూనివర్సిటీకి వస్తాడు. కోణాన్ని మూడు చేశానంటాడు. ఆయన వరండాలో కనబడగానే మేం ప్రొఫెసర్లమంతా బాత్‌రూముల్లోకి పరిగెడతాం."

హనుమకొండలో కూడా పేలింది. ముఖ్య అతిథి పొట్ట పట్టుకుని నవ్వాడు. మూడో వరసలో రజియా ఒక్కతే నవ్వలేదు. ఏర్పాట్లతో అలసిపోయింది పాపం అనుకున్నాను.

భోజనాల దగ్గర నా ప్లేటు పక్కన ఒక చిన్న పుస్తకం పెట్టింది. "నాయిన బుక్కు సార్. నిన్ననే ప్రింటై వచ్చింది" అంది. అట్ట మీద ఇలా ఉంది: "కోణ త్రిభాగం. స్కేలు, వృత్తలేఖినులతో సంపూర్ణ సాధన." దాని కింద కొంచెం చిన్న అక్షరాల్లో "ముందుమాట" అని, ఆ పక్కన నా పేరు, నా డిగ్రీలు, నా పదవులు అన్నీ ఉన్నాయి. ముద్ద గొంతుకు అడ్డం పడింది. రజియా మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపి వెళ్లిపోయింది.

లాడ్జి గదిలో

మధ్యాహ్నమంతా ఆ పుస్తకం చదివాను. మూడు నెలలు ఆలస్యంగా చదివాను. నిజం చెప్పాలంటే ముందు నాకు యాకూబ్ సార్ గుర్తు రాలేదు, నా పరువే గుర్తొచ్చింది. ఎవడైనా ఈ అట్ట ఫోటో తీసి గణితం వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడితే నా బతుకేమిటి? కుదరదని నేనే ఊరూరా నవ్వించే పనిని, కుదిరిందని నేనే సంతకం పెట్టి పొగిడాను. "గణిత లోకం గుర్తించక తప్పదు" అట! గుర్తించి నన్ను గాడిద మీద ఊరేగిస్తుంది.

కానీ పుస్తకం చెత్త కాదు. అదే బాధ. ఒక్కో మెట్టూ నిదానంగా, పిల్లలకు చెప్పినట్టు చెప్పుకుంటూ వెళ్లాడు. పదహారు పేజీలు వేలు పెట్టే సందు లేదు. పదిహేడో పేజీలో మూడు బిందువులు ఒకే సరళరేఖ మీద ఉన్నాయన్నాడు. ఎందుకు? "పటమును బట్టి స్పష్టము." అంతే. అక్కడ రేఖ లేదు, ఉన్నట్టు కనబడుతుంది. మిగతా ఇరవై మూడు పేజీలూ ఆ లేని రేఖ మీద కట్టిన ఇల్లు.

ములుగు దారి

మర్నాడు రజియా తన కారులోనే ములుగు తీసుకెళ్లింది. ఊరు దాటగానే అడిగాను, "ఇది కుదరదని నీకు తెలుసా అమ్మా?"

"ఎమ్మెస్సీల సదివిన గద సార్."

"మరి మీ నాన్నగారికి చెప్పలేదా?"

"మూడుసార్లు చెప్పిన. ఆ ఫ్రెంచాయన చేసింది అల్జీబ్రా, నేను చేసింది జామెట్రీ అంటడు. నా పటంల తప్పు ఏడుందో చూపెట్టు బిడ్డా, ఇప్పుడే చింపేస్త అంటడు. నాకు దొరకలే సార్. అరవై డిగ్రీల కోణాన్ని మూడు చేసి కోణమానినితోని కొలిస్తె ఇరవై డిగ్రీలే చూపెడ్తాంది." గేరు మార్చింది. "అందుకనే మీకు పంపిన. పెద్ద ప్రొఫెసర్, మొత్తం సదువుతరు, తప్పు ఏడుందో రాస్తరు, నాయిన మీ మాట ఇంటడు అనుకున్న. మీరేమో సాయంత్రానికే ముందుమాట పంపిండ్రు."

నేను కిటికీ బయటికి చూశాను. మిర్చి ఎండబెట్టిన కళ్లాలు ఎర్రగా పోతున్నాయి.

"దాన్ని ఫ్రేము కట్టిచ్చి గోడకు పెట్టిండు. ముప్పై ఏండ్ల స్టూడెంట్లకు అందరికి ఫోన్లు చేసిండు. రేపు పదకొండు గంటలకు అందరస్తాన్లు. వాళ్లల్ల ఇంజనీర్లున్నరు, లెక్చరర్లున్నరు. బుక్కు తెరుస్తె నవ్వరా సార్? నాయిన ముందల్నే నవ్వుతరు. నా ప్రాణం ఒప్పుకుంటలేదు. అంతకన్న ముందుగాల్నే మీరు చెప్పాలె."

నేను నా తెలివంతా వాడాను. విడుదల వాయిదా వేద్దామన్నాను. నాకు జ్వరం రావచ్చన్నాను. సభలో "కృషి అభినందనీయం" అని గోడ మీద పిల్లిలా మాట్లాడి దిగిపోతానన్నాను. రజియా అన్నీ విని ఒక్క మాట అడిగింది: "నిన్న నవ్విచ్చిండ్రు గద సార్, ఆ బాత్‌రూం ముచ్చట. రేపు వర్ధన్నపేటల గూడ చెప్తరా?"

దానికి జవాబుగా, ఇక్కడ అడవి తేనె దొరుకుతుందా అని అడిగాను.

ములుగు బయట ఒకామె సీసాల్లో అడవి తేనె అమ్ముతోంది. కిలో అయిదు వందలు. అసలైనదేనా అని అడిగాను. నన్ను పైనుంచి కిందికి చూసి, అగ్గిపుల్ల తేనెలో ముంచి తీసి గీసింది. భగ్గున మండింది. "ఇంకేం గావాలె నీకు?" అంది. ఆ పరీక్షతో నిజంగా ఏం రుజువైందో నేను ఇప్పటికీ చెప్పలేను. అయినా మారుమాట లేకుండా కొన్నాను. మా ఊళ్లో బెల్లప్పాకాన్ని మూడు వందలకే అమ్మి తేనె అంటారు, అగ్గిపుల్ల అడిగితే కోప్పడతారు.

ములుగులో ఆడపిల్లల హాస్టల్ స్కూలు. ముఖ్య అతిథి రాలేదు, అందువల్ల సభ వేళకే మొదలైంది. భోజనంలో పచ్చిపులుసు పోశారు. మా ఇంట్లో పులుసంటే పొయ్యి మీద తెర్లాలి. ఇక్కడ చింతపండు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి నేరుగా అన్నంలో పోస్తారు. మూడుసార్లు పోయించుకున్నాను. ప్రసంగంలో కోణం సంగతి వచ్చినప్పుడు బాత్‌రూము ఎత్తలేదు. ఒక పిల్ల లేచి "కాదని తేలినంక గూడ ఎందుకు చేస్తాన్లు సార్?" అని అడిగింది. "పని లేక" అన్నాను, అలవాటు కొద్దీ. పిల్లలు నవ్వారు. అన్నాక చాలాసేపు నా మీద నాకే కోపం వచ్చింది.

వర్ధన్నపేట, పొద్దున ఏడు గంటలు

మూడో రోజు పొద్దున్నే యాకూబ్ సార్ ఇంటికి వెళ్లాం. రెండు గదులు, ముందు వసారా, వసారా గోడకు నల్లబల్ల. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, ఇస్త్రీ తెల్ల చొక్కాలో గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. నా రెండు చేతులూ పట్టుకుని లోపలికి నడిపించాడు. గోడ మీద నా ముందుమాట, పక్కనే మక్కా ఫోటో. నేను ఎటు తిరిగి కూర్చున్నా రెండూ కనబడుతున్నాయి.

వాళ్లావిడ ఖాసింబీ గారు సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి, గిన్నెలో చేత్తో ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి కాలుస్తారు. మేం తపాలచెక్క అంటాం, ఇంత బాగా చేయం. "ఇంకొకటి ఏసుకో అన్నా, సన్నగున్నవ్" అందామె. నన్ను సన్నగా ఉన్నావన్న మనిషిని ఇరవై ఏళ్లలో చూడలేదు.

"మీ ముందుమాట నాకు నోటికొచ్చు సార్" అన్నాడు యాకూబ్ సార్, అని ఊరుకోకుండా మొదలుపెట్టాడు. "లోతైన పరిశీలన, నిరాడంబరమైన శైలి..." చివరి దాకా చెప్పాడు. మెంతుల పుస్తకానికి రాసిందీ అదే అని నాకొక్కడికే తెలుసు. రజియా తలుపు దగ్గర నిలబడి నా వంకే చూస్తోంది.

సర్వపిండి ముక్క పక్కన పెట్టి చెప్పేశాను. "సార్, పదిహేడో పేజీ ఒక్కసారి చూద్దాం. ఈ మూడు బిందువులు ఒకే గీత మీద ఎందుకుంటాయి?"

"పటం చూస్తె తెలుస్తలేదా?"

"చూస్తే ఉన్నట్టే ఉంది. కానీ ఎందుకుండాలి?"

ఆయన నోటుపుస్తకం తెచ్చి, మూడింటి మీద స్కేలు పెట్టాడు. సరిగ్గా కూర్చుంది. అయినా ఆ పేజీని వెలుతురు వైపు తిప్పి మళ్లీ చూశాడు. తర్వాత లేచి, చిలక్కొయ్యకున్న సంచీ తీసుకున్నాడు.

"నోట్‌బుక్‌ల పెన్సిల్ మందమే తప్పయితె కండ్లకు ఆనది. పెద్దగ గీద్దాం, నడువుండ్రి."

హైస్కూలు గ్రౌండు ఇంటికి ఎదురుగానే ఉంది. కబడ్డీ గీతల కోసం పెట్టిన ముగ్గు బస్తా అక్కడే ఉంది, ఆయన సంచీలోంచి నైలాన్ తాడు, నాలుగైదు మేకులు తీశాడు. నోటుపుస్తకంలో పది సెంటీమీటర్ల వ్యాసార్ధాన్ని ఆయన పదిహేను మీటర్లు చేశాడు. నన్ను కేంద్రం దగ్గర మేకు కదలకుండా పట్టుకోమన్నాడు. నలభై ఏళ్లు బోర్డు మీద చేత్తో గుండ్రంగా గీసి "ఇది వృత్తం అనుకోండి" అని బతికినవాణ్ణి. ఆయన అనుకోమనలేదు, తాడు బిగించి గీశాడు. మొదటి పేజీ నుంచి పదిహేడు దాకా ఒక్కో మెట్టూ నేల మీద గీశాడు. మధ్యలో నేను కాలు జారి ముగ్గులో కూలబడ్డాను. రజియా లేపింది, ఆయన తల తిప్పలేదు.

గంటన్నర పట్టింది. చివరికి మూడు బిందువుల దగ్గర మూడు మేకులు పాతి, మొదటి దాని నుంచి మూడో దానికి తాడు బిగించాడు. మధ్య మేకు తాడుకు తగల్లేదు. వంగి చెయ్యి పెట్టి కొలిచాడు. నాలుగు వేళ్ల ఎడం. మేకులు పీకి మళ్లీ గీశాడు, నాలుగు వేళ్లే. ఇంకోసారి గీశాడు. అప్పుడు ఇస్త్రీ బట్టలతోనే నేల మీద కూర్చుండిపోయాడు.

"తప్పే" అన్నాడు.

నేను ఓదార్పు మొదలుపెట్టాను. చాలా దగ్గరగా వచ్చారు సార్, వడ్రంగి పనికీ ఇంజనీరింగ్‌కీ ఇది చాలా ఎక్కువ అని ఏదో వాగుతున్నాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"మీకిది ఎప్పుడు తెలిసింది సార్?"

"మొన్న మధ్యాహ్నం."

"మరి ముందుమాట మూన్నెల్ల కింద రాసిండ్రు గద?"

అబద్ధానికి వెతికాను. అప్పుడు పొరబడ్డాను అంటే సరిపోయేది. ఆ ముగ్గు మధ్య కూర్చున్న మనిషి మొహం చూసి ఆ మాట మానేశాను.

"చదవకుండా రాశానండీ" అన్నాను.

ఆయన అరచేతులకున్న ముగ్గు నెమ్మదిగా దులుపుకున్నాడు. "తప్పయిందని నాకు ఫికర్ లేదు సార్. లెక్క తప్పుతది, మల్ల చేసుకుంటం. ఇరవై ఆరేండ్ల సంది దీన్ని పట్టుకోని తిరుగుతాన. యూనివర్సిటీకి పోతె పొద్దుగూకేదాక వరండల నిలబడ్డ, ఒక్కలు గూడ సదువలే. మీ కాగితం వచ్చినంక, ఒక్కరన్న మొదటి నుంచి చివరిదాక సదివిండ్రు అనుకున్న. మూన్నెల్లు గదే సంతోషంల ఉన్న."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ వరండా ఏ ఊరిదో నేను అడగలేదు. నా జోకులో ఉన్న వరండా ఏదో నాకు తెలుసు.

పదకొండు గంటలకు

సభ ఆపేద్దామంది రజియా. "ఎందుకు ఆపుతం బిడ్డా? అందర్ని పిలిచినం, బగార అన్నం వండిచ్చినం. లెక్క చెప్త" అన్నాడు ఆయన, చొక్కా కూడా మార్చుకోలేదు.

స్కూలు ఆవరణలో షామియానా కింద నూరు మంది దాకా వచ్చారు. తలలు నెరిసిన శిష్యులు, బట్టతల శిష్యులు, పోలీసాయన ఒకరు, టీచర్లు చాలామంది. యాకూబ్ సార్ దీపం, దండలు అన్నీ పక్కన పెట్టించి బోర్డు తెప్పించాడు. కోణం గీశాడు. పదహారు పేజీలూ చెప్పాడు. చాలామంది జేబుల్లో కాగితాలు వెతికి రాసుకుంటున్నారు, ఆ వయసులో కూడా. పదిహేడో పేజీ దగ్గర ఆగి, "ఈడ నేను తప్పు చేసిన. పటం చూసి నమ్మిన. మీ అందర్ని ఇందుకే కొట్టిన, యాదున్నదా?" అన్నాడు. నవ్వారు. అది రజియా భయపడిన నవ్వు కాదు. నాలుగు వేళ్లు పైకెత్తి చూపించాడు. "గ్రౌండ్‌ల ముగ్గు ఇంక అట్లనే ఉన్నది, తిన్నంక పోయి కొలుసుకోండ్రి. తొంబై డిగ్రీలనైతే మూడు చేయొచ్చు. ఎట్లనో ఇంటికాడ చేసుకరాండ్రి." హోంవర్కు ఇచ్చాడు! రజియా ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా కొంగు అడ్డం పెట్టుకుంది.

నన్ను మాట్లాడమన్నారు. రెండు నిమిషాల్లో ముగించాను. నా జీవితంలో అంత చిన్న ప్రసంగం అదొక్కటే. పుస్తకం చదవకుండా ముందుమాట రాశానని, చదివి ఉంటే ఆ తప్పు మూడు నెలల కిందటే దొరికేదని చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అయినా శాలువా కప్పారు.

బగార అన్నం, మాంసం కూర బ్రహ్మాండంగా ఉన్నాయి. నేను తింటుండగా యాకూబ్ సార్ ఒక కాగితం మీద ఏదో రాసి రజియాను జిరాక్స్‌కు పంపాడు. వచ్చాక ఆ చీటీలను మైదా జిగురుతో ఒక్కో పుస్తకంలో తానే అతికించుకుంటూ కూర్చున్నాడు. పుస్తకాలు పారేయలేదు, అట్ట కూడా మార్చలేదు. నేను బయల్దేరేటప్పుడు తడి ఆరని మొదటి ప్రతి నా చేతిలో పెట్టి, "ఇది సదువుండ్రి సార్" అన్నాడు. ఎత్తిపొడుపు లేదు, గొంతు మామూలుగానే ఉంది.

కాజీపేట బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. పుస్తకం తెరిచాను. మొదటి పేజీకి అతికించిన చీటీలో అదే ముచ్చటైన దస్తూరి.

"తప్పొప్పుల పట్టిక. పేజీ 17, నాలుగవ వాక్యము: 'పటమును బట్టి స్పష్టము' అనునది తప్పు. పటము పెద్దగా గీసి చూడగలరు. పేజీ 3, ముందుమాట: మొదటి నుండి చివరి వరకు తప్పు."

పట్టికను రెండుసార్లు చదివాను. అందులో తప్పేమీ దొరకలేదు.